కొట్టాయంలోని పాత చర్చిలను, మసీదును ఒక్క పూటలో ఎలా చూడాలి: శబరిమల యాత్రికులకు ఒక మార్గదర్శిని

శబరిమల దర్శనం ముగించుకుని కొట్టాయం చేరిన మనవారికి తిరుగు రైలు ఎక్కే లోపల ఒక పూట ఖాళీ దొరకడం మామూలే. ఆ పూటలో చూడదగినవి ఏమున్నాయి, పాత చర్చిలలోకి, మసీదులోకి మనల్ని రానిస్తారా, మాల వేసుకుని వెళ్లవచ్చా, అక్కడివారు చెప్పే వయసులను ఎంతవరకు నమ్మాలి అనే ప్రశ్నలు ప్రతి మండల కాలంలోనూ వస్తూనే ఉన్నాయి. వాటన్నిటికీ ఒకేచోట సమాధానం ఉండాలని ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పిన మూడు కట్టడాలు కొట్టాయం పట్టణంలోనే, మీనచ్చిల్ నది పక్కన, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. మొదటిది 1579లో కట్టిన చెరియపళ్లి అనే ఆర్థడాక్స్ చర్చి. రెండవది 1550లో కట్టిన వలియపళ్లి, కేరళ సిరియన్ క్రైస్తవులలో ఒక సముదాయమైన క్నానాయల చర్చి. మూడవది తాళత్తంగడి జుమా మసీదు. ఈ ప్రాంతాన్ని ఏలిన తెక్కుంకూర్ రాజుల రాజధాని కూడా ఈ చుట్టుపక్కలే ఉండేది. రేవులో వ్యాపారం చేసే క్రైస్తవులకు, ముస్లింలకు ఆ రాజులు చోటిచ్చారు కాబట్టే ఇన్ని పాత కట్టడాలు ఇంత దగ్గరగా మిగిలాయి.

కావలసినవి

మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు, స్త్రీలకు తల కప్పుకోవడానికి ఒక చున్నీ లేదా చీర కొంగు, చెప్పులు పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచి, దిక్సూచి ఉన్న ఫోను, చిన్న నోటుపుస్తకం, హుండీలో వేయడానికి చిల్లర. దొరికితే ఒక చిన్న బైనాక్యులర్ కూడా తీసుకెళ్లండి. గర్భాలయంలోని కుడ్యచిత్రాలను దూరం నుంచే చూడవలసి ఉంటుంది కనుక అది ఎంతో ఉపయోగపడుతుంది. నాలుగు గంటల సమయం చాలు. సామాను స్టేషన్ క్లోక్ రూములో పెట్టి వెళ్లండి.

1. సమయాన్ని ముందుగా నిర్ణయించుకోండి

ఈ మూడూ ఈ రోజుకీ ప్రార్థనలు జరుగుతున్న స్థలాలు. మ్యూజియంలాగా టికెట్టు, సమయాల బోర్డు ఉంటాయని ఆశించకండి. ఆదివారం ఉదయం చర్చిలలో కుర్బానా అనే ప్రధాన ఆరాధన జరుగుతుంది. అది పూర్తయి జనం బయటికి వచ్చిన తరువాత వెళ్లడం మంచిది, ఎందుకంటే తలుపులు తెరిచి ఉంటాయి, చూపించేవారూ అక్కడే ఉంటారు. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు సమయంలో మసీదు వైపు వెళ్లవద్దు. మిగిలిన రోజులలో అయితే ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య బయలుదేరడం అన్నిటికన్నా అనుకూలం. మధ్యాహ్నం చర్చి తలుపులకు తాళం ఉంటే కప్యార్ కోసం అడగండి. చర్చి తాళాలు, దీపాలు, గంటలు చూసుకునే ఉద్యోగిని అక్కడ అలా పిలుస్తారు. పూజారిని అచ్చన్ అంటారు.

హెచ్చరిక: జూన్ నుంచి ఆగస్టు వరకు వానలు గట్టిగా పడినప్పుడు మీనచ్చిల్ పొంగి తాళత్తంగడి పల్లపు దారుల్లోకి నీళ్లు వస్తాయి. నెలపూజలకు ఆ కాలంలో వెళ్లేవారు ఆటో ఎక్కే ముందే దారి సంగతి కనుక్కోవాలి.

2. మాల, ఇరుముడి విషయం తేల్చుకోండి

మాల వేసుకుని ఉన్నంత మాత్రాన ఎవరూ అభ్యంతరం చెప్పరు. నల్లబట్టలు, మెడలో మాల కొట్టాయంలో అందరికీ పరిచయమే. అయితే కొండకు వెళ్లేటప్పుడు ఇరుముడితో ఈ చూడటాలు పెట్టుకోవద్దని నా సలహా. ఇరుముడిని ఎక్కడపడితే అక్కడ దించలేరు, దానిని ఎత్తుకుని చర్చిలో నిలబడి చిత్రాలు చూడటమూ కుదరదు. దర్శనం అయ్యాక, తిరుగు ప్రయాణంలో పెట్టుకుంటే మనసు నిదానంగా ఉంటుంది. ఎరుమేలి మసీదు మాత్రం దీనికి మినహాయింపు. పేటతుళ్లి ఆడిన స్వాములు వావర్ స్వామిని తలచుకుంటూ ఆ మసీదుకు ప్రదక్షిణ చేయడం యాత్రలో భాగమే కాబట్టి అది వెళ్లేటప్పుడే జరుగుతుంది. బృందంగా వెళ్తున్నట్లయితే గురుస్వామిని అడిగి, ఆయన చెప్పినట్లు నడుచుకోండి.

3. ఆటో ఎక్కేటప్పుడు పూర్తి పేరు చెప్పండి

మలయాళంలో చర్చినీ, మసీదునూ కూడా పళ్లి అనే అంటారు. కొట్టాయంలో పళ్లికి పోనివ్వమంటే మిమ్మల్ని ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు. చెరియపళ్లి, వలియపళ్లి, తాళత్తంగడి జుమా మసీదు అని మూడు పేర్లూ విడివిడిగా చెప్పండి. ముందు చెరియపళ్లి దగ్గర దిగి, అక్కడి నుంచి వలియపళ్లికి నడిచి, తరువాత ఆటోలో మసీదుకు వెళ్లడం సులువైన వరుస. కాలినడక ఇష్టపడేవారు నది వెంబడి దారిలో పాత చెక్క ఇళ్లను కూడా చూసుకుంటూ వెళ్లవచ్చు.

4. గడప దగ్గర మర్యాదలు

చెప్పులు బయటే విప్పండి. లుంగీ లేదా పంచెను మోకాళ్లపైకి మడిచి కట్టి ఉంటే లోపలికి అడుగుపెట్టే ముందు కిందికి దించండి. పెద్దల ముందు, ప్రార్థనాస్థలం ముందు మడుపు దించడం కేరళలో గౌరవానికి గుర్తు, అది మరచిన మనిషిని వెంటనే గుర్తుపడతారు. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే స్త్రీలు తల కప్పుకోవాలి. స్త్రీ పురుషులు వేర్వేరు వైపుల నిలబడతారు కాబట్టి ముందున్నవారిని చూసి మీ వైపు నిలబడండి. "అకత్తు కయరామో?" అంటే లోపలికి రావచ్చా అని అడగడం, "ఫోటో ఎడుక్కామో?" అంటే ఫోటో తీయవచ్చా అని అడగడం. "పట్టిల్ల" అనే మాట వినిపిస్తే కుదరదని అర్థం. రెండోసారి అడగకండి.

కుర్బానా ఆరాధనలో పూజారి ఇచ్చే పవిత్రమైన రొట్టె (దానినీ కుర్బానా అనే అంటారు) ఆ సంఘపు సభ్యులకు మాత్రమే. ప్రసాదం అనుకుని మనవారు వరుసలో నిలబడుతుంటారు. అది వారి విశ్వాసంలో అత్యంత పవిత్రమైనది కనుక పక్కన నిలబడి చూడండి, చేయి చాచవద్దు.

5. చెరియపళ్లిని బయటి నుంచి లోపలికి చూడండి

తొందరపడి లోపలికి వెళ్లకుండా ముందు ప్రాంగణంలో ఆగండి. కేరళలోని పాత చర్చిల ఆవరణలో గుడిని తలపించే వస్తువులు కనిపిస్తాయి. పీఠం మీద నిలబెట్టిన రాతి శిలువ, ధ్వజస్తంభం, పెద్ద రాతి పునాది, నూనె దీపాలు, వేలాడే ఇత్తడి దీపం మొదలైనవి అలాంటివే. తరువాత చర్చి ముఖభాగాన్ని చూడండి. స్తంభాలు, మలుపులు తిరిగిన పైభాగం పోర్చుగీసువారి కాలపు పద్ధతి. దాని వెనుక ఉన్న కప్పు, దూలాలు, పెంకులు ఈ నేల వడ్రంగుల పని. రెండూ ఒకే గోడలో కలిసిన చోటును వెతకడమే ఇక్కడ చేయవలసిన పని.

లోపలికి వెళ్లాక ఫోనులో దిక్సూచి తెరవండి. బలిపీఠం తూర్పున, ప్రధాన ద్వారం పడమర ఉన్నాయా లేదా చూసుకోండి. సిరియన్ సంప్రదాయపు చర్చిలలో ప్రార్థన తూర్పు ముఖంగా జరుగుతుంది. బలిపీఠం ఉన్న గర్భాలయాన్ని మద్బహా అంటారు. దానికి ముందు తెర ఉంటుంది. కేరళ పాత చర్చిలలో ఈ భాగపు కప్పు, జనం నిలబడే హాలు కప్పు కన్నా ఎత్తుగా ఉండటం బయటి నుంచే గమనించవచ్చు.

చెరియపళ్లికి పేరు తెచ్చినవి ఆ గర్భాలయంలోని కుడ్యచిత్రాలు. ప్రకృతి సిద్ధమైన రంగులతో గీసిన బైబిల్ ఘట్టాలు అవి. తెర మూసి ఉంటే అవి కనిపించవు. అచ్చన్‌ను గానీ కప్యార్‌ను గానీ అడిగితే వీలునుబట్టి తెర తీస్తారు. తెర తీసినా గీత దాటి లోపలికి అడుగుపెట్టవద్దు, అది పూజారులకే పరిమితమైన చోటు. బైనాక్యులర్ ఇక్కడే అవసరం. ముఖాల చుట్టూ ఉన్న ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులను చూస్తూ కళ్లు, వేళ్లు ఎలా గీశారో గమనించండి. ఫ్లాష్ వాడవద్దు. గోడకు చేయి ఆనించవద్దు, చేతి చెమట రంగు పొరను పాడుచేస్తుంది.

6. వలియపళ్లిలో శిలువ దగ్గర ఎక్కువ సేపు ఉండండి

ఒక్క చోటే చూడగలిగేంత సమయం ఉంటే నేను వలియపళ్లినే చూడమంటాను. పక్క బలిపీఠాలలో రెండు పాత రాతి శిలువలు ఉన్నాయి. పండితులు వీటిని పర్షియన్ శిలువలు అంటారు. వాటిపై పహ్లవి లిపిలో చెక్కిన అక్షరాలు ఉన్నాయి. పహ్లవి అంటే ఇస్లాంకు ముందునాటి ఇరాన్ భాషకు వాడిన లిపి. అలాంటి శిలువ ఒకటి చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ మీద ఉంది, కేరళలోనే కడమట్టం చర్చిలో మరొకటి ఉంది.

దగ్గరగా నిలబడి కింది నుంచి పైకి చూడండి. శిలువ మెట్ల వంటి పీఠం మీద నిలబడి ఉంటుంది. దాని మొదలు నుంచి రెండు పక్కలకు రేకులు విచ్చుకుంటాయి. శిలువ చేతుల చివర్లు మొగ్గల్లా ఉబ్బుతాయి. పైన కిందికి దిగుతున్న పావురం ఉంటుంది. దీని చుట్టూ రెండు స్తంభాల మీద కట్టిన తోరణం, ఆ తోరణం అంచుమీద వంకలు తిరిగిన లిపి. మన గుళ్లలో మకర తోరణాలు చూసి అలవాటైనవారికి ఇక్కడి తోరణం పరిచయమైనట్లే ఉంటుంది. కానీ దాని మీది అక్షరాలు వేల కిలోమీటర్ల అవతలి దేశానివి. రెండు శిలువలలో ఒకదానిపై పహ్లవితో పాటు సిరియన్ క్రైస్తవుల ఆరాధనా భాష అయిన సిరియక్‌లో ఒక వాక్యం కూడా ఉంది, అందులో శిలువలో తప్ప మరి దేనిలోనూ అతిశయించకూడదన్న బైబిల్ మాట చెక్కారు. పహ్లవి భాగాన్ని పండితులు ఒకే విధంగా చదవలేదు. అందువల్ల ఎవరైనా గైడ్ ఇదే అర్థం అని గట్టిగా చెబితే దానిని అనేక పాఠాలలో ఒకటిగా మాత్రమే తీసుకోండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. వలియపళ్లి, చెరియపళ్లి పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకే సంఘానివి కావు. చెరియపళ్లి మలంకర ఆర్థడాక్స్ సంఘానిది, వారి కేంద్రం కొట్టాయంలోనే దేవలోకంలో ఉంది. వలియపళ్లి క్నానాయ సముదాయానిది, వారు సిరియన్ ఆర్థడాక్స్ సంఘానికి అధిపతి అయిన ఆంటియోక్ పాట్రియార్కును అనుసరిస్తారు. రెండిటి మూలాలూ సిరియన్ ఆర్థడాక్స్ ఆరాధనలోనే ఉన్నాయి. మలంకర ఆర్థడాక్స్ వర్గానికీ, ఆంటియోక్ పాట్రియార్కును అనుసరించే జాకోబైట్ వర్గానికీ మధ్య చర్చిల హక్కుల విషయమై దశాబ్దాల వివాదం ఉంది, 2017 జూలై 3న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన తరువాత కూడా కొన్నిచోట్ల ఉద్రిక్తతలు తలెత్తాయి. ఈ చర్చి ఎవరిదన్న ప్రశ్న అక్కడ సున్నితమైనది. శాఖ పేరు బోర్డు మీద చదవండి, వాదన మొదలుపెట్టకండి.

7. తాళత్తంగడి మసీదుకు అనుమతితో వెళ్లండి

హైదరాబాదు మక్కా మసీదు చూసిన కళ్లు ఇక్కడ కూడా మీనార్లను, గుమ్మటాన్ని వెతుకుతాయి. పాత కేరళ మసీదుల్లో అవి లేవు. భారీ వర్షాలు పడే నేలలో వాలు కప్పు, చెక్క, రాయి వాడటమే ఉపయోగకరం. గుళ్లు కట్టిన వడ్రంగులే మసీదులూ కట్టారు కాబట్టి పెంకుల వాలుకప్పు, ముందుకు పొడుచుకొచ్చిన త్రికోణపు చెక్క ముఖం, లోపల చెక్కిన దూలాలు కనిపిస్తాయి. బయటి నుంచి చూస్తే పాత ఇల్లు లేదా గుడి అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ముందుగా ఆఫీసులోగానీ, ఇమామునుగానీ అడిగి లోపలికి వెళ్లండి. సంప్రదాయంగా ప్రార్థనా మందిరంలోకి స్త్రీలను పంపే అలవాటు లేదు. 2016లో ప్రత్యేకంగా కొన్ని రోజులు ఈ మసీదును చూడటానికి స్త్రీలకు తలుపులు తెరవడం అప్పట్లో వార్త అయింది. కాబట్టి కుటుంబంతో వెళ్లినవారు ముందే అడిగి తెలుసుకోండి, కాదంటే బయటి ముఖభాగాన్ని, నదీతీరాన్ని నింపాదిగా చూడవచ్చు. నమాజుకు ముందు కాళ్లు చేతులు కడుక్కునే (వజూ చేసే) నీటిలో చేతులు, కాళ్లు ముంచి ఆడుకోవద్దు. నమాజు చేసేవారి ముందు నుంచి నడవవద్దు.

లోపల అనుమతి దొరికితే మక్కా దిక్కును చూపే గోడలోని గూడు, అంటే మిహ్రాబ్, ఎటువైపు ఉందో దిక్సూచితో చూడండి. కేరళ నుంచి మక్కా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. మిహ్రాబ్ వైపు తిరిగినప్పుడు ఫోను దిక్సూచి 290 డిగ్రీల చుట్టుపక్కల చూపిస్తే సరిగ్గానే చూస్తున్నారన్నమాట. ఉదయం చర్చిలో తూర్పుకు, ఇప్పుడు మసీదులో పడమరకు తిరిగి నిలబడ్డారు కనుక, కట్టడం ప్రణాళిక ఏ దిక్కును బట్టి సాగుతుందో మీకు అనుభవంలోనే తెలుస్తుంది.

8. వయసును మూడు గడుల్లో రాసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. పాత కట్టడం గురించి వినిపించే ప్రతి సంవత్సరాన్నీ నోటుపుస్తకంలో మూడు గడుల్లో ఒకదానిలో వేయండి. మొదటిది సంఘపు సంప్రదాయం, రెండవది రాతి మీదో కొయ్య మీదో ఉన్న ఆధారం, మూడవది ఇప్పుడు కళ్లముందున్న కట్టడం వయసు. ఈ మూడూ ఒకటి కావలసిన అవసరం లేదు, ఎక్కువగా కావు. వలియపళ్లి దీనికి మంచి పాఠం. చర్చి 1550 నాటిది, శిలువలు అంతకు ఎన్నో శతాబ్దాలు పాతవి. తాళత్తంగడి మసీదుకు వెయ్యేళ్లు దాటాయని స్థానికులు చెబుతారు, దానిని మొదటి గడిలో రాసుకోండి.

కొడుంగల్లూరులోని చేరమాన్ జుమా మసీదు విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 629లో అరబ్బు దేశం నుంచి వచ్చిన మత ప్రచారకుడు మాలిక్ దీనార్ కట్టించారన్నది సంప్రదాయం, భారతదేశంలో మొదటి మసీదు అన్న మాట కూడా దాని మీదే ఆధారపడి ఉంది, దానిని చరిత్రకారులందరూ అంగీకరించలేదు. ఇప్పటి కట్టడం అనేకసార్లు మార్చినది. ఇరవయ్యో శతాబ్దంలో ముందువైపు కట్టిన కాంక్రీటు భాగాన్ని ఇటీవల ముజిరిస్ వారసత్వ పథకం కింద తీసి పాత రూపానికి తెచ్చారు. సంప్రదాయాన్ని గౌరవించాలంటే దానిని రుజువైన చరిత్రగా ప్రచారం చేయవలసిన పనిలేదు. అది తరతరాలుగా చెప్పుకుంటున్న కథగానే విలువైనది.

సంవత్సరాలను మార్చుకోవడం ఇలా. కేరళ పంచాంగపు సంవత్సరమైన కొల్లవర్షంలో ఉన్న అంకెకు 825 కలపండి. ఉదాహరణకు 754 కి 825 కలిపితే 1579 అవుతుంది. నెల చింగం నుంచి ధనువు మొదటి సగం వరకు ఉంటే 824 కలపాలి, ఎందుకంటే కొల్లవర్షం ఆగస్టు మధ్యలో మొదలవుతుంది. హిజ్రీ సంవత్సరానికైతే 0.97తో గుణించి 622 కలపండి. హిజ్రీ 1400 కి ఇలా లెక్కిస్తే 1980 వస్తుంది, ఆ సంవత్సరం 1979 నవంబరులో మొదలైంది కనుక ఒక ఏడాది అటూ ఇటూగా సరిపోతుంది.

9. ఒక రోజు అదనంగా దొరికితే, లేదా వేరే దారిలో వస్తే

చెంగన్నూరు స్టేషన్‌లో దిగేవారు కొట్టాయం రాకుండానే రెండు చోట్లు చూడవచ్చు. చెంగన్నూరు పాత సిరియన్ చర్చిని ఆర్థడాక్స్, మార్తోమా సంఘాలు రెండూ వాడుకుంటాయి, రాతి చెక్కడాలకు అది పేరుపొందింది. పరుమల చర్చిలో 1902 నవంబరు 2న మరణించిన గీవర్గీస్ మార్ గ్రెగోరియోస్ అనే బిషప్ సమాధి ఉంది. ఆయనను 1947లో సెయింట్‌గా ప్రకటించారు. 2000లో ప్రతిష్ఠించిన కొత్త చర్చిని చార్లెస్ కొరియా రూపొందించారు. నవంబరు మొదటి రోజుల్లో అక్కడ పాదయాత్రికుల రద్దీ ఉంటుంది, మండలం మొదలయ్యే సరికి తగ్గుతుంది.

సికింద్రాబాదు, గుంటూరు వైపు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవారు ఎర్నాకుళంలో దిగి కొడుంగల్లూరు వెళ్లి, మరునాడు కొట్టాయం రావచ్చు. ఉత్తర కేరళకు వెళ్లగలిగేవారికి కోళిక్కోడులోని కుట్టిచ్చిర మరింత విలువైనది. అక్కడి మిష్కాల్ మసీదును 14వ శతాబ్దంలో ఒక నౌకా వర్తకుడు కట్టించాడు, 1510 జనవరిలో పోర్చుగీసు దాడిలో దాని పైభాగం కాలింది. పక్కనున్న ముచ్చుంది మసీదులో అరబీ, పాత మలయాళం రెండిటిలో ఉన్న 13వ శతాబ్దపు శాసనం ఉంది. నోటుపుస్తకంలోని రెండో గడి నిజంగా నిండేది అక్కడే.

ఎరుమేలికి కొట్టాయం నుంచి సుమారు 50 కిలోమీటర్ల దారి. పేటతుళ్లి, చందనం, వావర్ మసీదు ప్రదక్షిణ గురించి గురుస్వాములు చెప్పేదే ప్రమాణం కనుక దాని మీద ఎక్కువగా రాయడం లేదు.

తరచుగా జరిగే మరికొన్ని పొరపాట్లు

ప్రాంగణంలోని రాతి శిలువకు పసుపు, కుంకుమ పెట్టడం. మన అలవాటు కొద్దీ చేతులు వెళ్తాయి, కానీ అక్కడివారికి అది ఇబ్బంది. దీపం వెలిగించడం, నూనె పోయడం అయితే అక్కడివారు చేసినట్లు చేయవచ్చు. గుంపుగా లోపల ఫోటోలకు నిలబడడం, పిల్లలను పీఠం మెట్లెక్కించడం, సమాధుల మీద కూర్చోవడం కూడా వద్దు. ఆవరణలో నేలమీద కనిపించే రాతి పలకలు సమాధులే అయి ఉండవచ్చు, చదివి అడుగు వేయండి. గైడ్ చెప్పిన సంవత్సరాన్ని, బోర్డు మీద ఉన్న సంవత్సరాన్ని, ఇంటర్నెట్‌లో దొరికిన సంవత్సరాన్ని కలిపి ఒకే వాక్యంగా సోషల్ మీడియాలో పెట్టడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు.

మీరు సరిగ్గా చూశారో లేదో ఇలా పరీక్షించుకోండి

రైలు ఎక్కాక నోటుపుస్తకం తెరిచి ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి. రెండు చర్చిలు ఏ సంఘాలవి? బలిపీఠం, మిహ్రాబ్ ఏ దిక్కులో ఉన్నాయి? శిలువ మొదట్లో ఏముంది, పైన ఏముంది? చర్చి కన్నా పాతదైన వస్తువు ఏది? విన్న ప్రతి సంవత్సరమూ మూడు గడుల్లో ఎక్కడ పడింది? వీటిలో దేనికైనా జవాబు ఫోటోలలో వెతకవలసి వస్తే ఆ చోటు మీరు తొందరగా దాటేసినట్లే, మరుసటి యాత్రలో అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఏదో ఒక గడి పూర్తిగా ఖాళీగా ఉంటే దానిని ఖాళీగానే ఉంచండి, ఊహతో నింపవద్దు.